నలభై మంది ఉన్నా జనం కనిపించని జంక్షన్: ఒక పెయింటింగ్ కేస్ స్టడీ

ఇది ఒక్క పెయింటింగ్ గురించి. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, కాన్వాస్ మీద ఆయిల్. ఒక లైబ్రరీ వాళ్లు మెట్ల మలుపులో ఉన్న ఖాళీ గోడ కోసం అడిగారు, సాయంత్రం పూట ఊరి మధ్య జంక్షన్ ఎలా ఉంటుందో వేసిపెట్టమని. వీధులు, బస్టాపులు, మార్కెట్ మలుపులు వేయడమే చాలా ఏళ్లుగా నా పని కాబట్టి రెండు నెలల్లో ఇచ్చేస్తానని మాటిచ్చాను. ఏడు నెలలు పట్టింది. మొదటి కాన్వాస్‌ని పూర్తిగా పక్కన పెట్టేసి, రెండోది మొదలుపెట్టాల్సి వచ్చింది. ఎందుకు పెట్టాల్సి వచ్చిందో, రెండోదాంట్లో ఏం మార్చానో కొలతలతో సహా రాస్తున్నాను, ఎందుకంటే వీధులు వేసే తోటి పెయింటర్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: బిల్డింగులు బాగానే వస్తున్నాయి, మనుషుల్ని పెట్టగానే బొమ్మ పాడైపోతోంది, ఏం చేయాలి?

మొదటి కాన్వాస్

జంక్షన్‌లో ఒక మూలనున్న బిల్డింగ్ మొదటి అంతస్తు కిటికీ దగ్గర నిలబడితే నాలుగు రోడ్లూ కనిపిస్తాయి. అక్కణ్నుంచి ఫోన్‌తో ఒక ఫోటో తీసి, దానిమీద గళ్లు గీసి, అవే గళ్లు కాన్వాస్ మీద పెద్దవిగా గీసుకుని బిల్డింగులన్నీ దించాను. ఐదు వారాలు అదే పని. ప్రతి కిటికీ, ప్రతి బాల్కనీ రెయిలింగ్, వైర్లు, వాటర్ ట్యాంకులు, అన్నీ వచ్చాయి. ఆ ఐదు వారాలూ చాలా సంతోషంగా గడిచాయి నాకు. రోడ్డు ఖాళీగా ఉంది, ఇక మనుషుల్ని పెట్టడమే మిగిలింది అనుకున్నాను. వేర్వేరు రోజుల్లో కింద రోడ్డు మీద నిలబడి తీసిన ఫోటోల్లోంచి బాగున్నవాళ్లని ఏరి, ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ ఒక్కొక్కరినీ పెట్టుకుంటూ పోయాను. నలభై మంది అయ్యారు.

లైబ్రరీ చూసుకునే ఆవిడ స్టూడియోకి వచ్చి చాలాసేపు నిలబడి చూశారు. "జంక్షన్ మనదే, చూడగానే తెలుస్తోంది. కానీ జనం లేరేంటండీ?" అన్నారు.

నలభై మంది ఉన్నారని చెప్పబోయి ఆగిపోయాను, ఎందుకంటే ఆవిడ అన్నది నిజం. ఆ నలభై మందిలో ఒక్కరూ రోడ్డు మీద లేరు. కాగితం మీంచి కత్తిరించి అంటించినట్టు ఉన్నారు. ఆ రాత్రి చాలా బాధపడ్డాను, పొద్దున్నే స్కేలు తీసుకుని బొమ్మ ముందు కూర్చున్నాను.

స్కేలు ఏం చెప్పిందంటే

ఇది వీధులు వేసే ప్రతి ఒక్కరికీ పనికొచ్చే లెక్క కాబట్టి కొంచెం నెమ్మదిగా చెబుతాను. మన కంటి ఎత్తులో అడ్డంగా ఒక గీత ఊహించుకుంటే అదే హొరైజన్ లైన్. మనం నేల మీద నిలబడి, ఎదుట ఉన్న నేల చదునుగా ఉంటే, మన అంత ఎత్తున్న వాళ్లందరి కళ్లూ, దగ్గరున్నా దూరంగా ఉన్నా, ఆ గీత మీదే పడతాయి. పాదాలు మాత్రం దగ్గరివాళ్లవి కిందికి, దూరం వాళ్లవి పైకి జరుగుతాయి. మేడ మీంచి చూస్తే ఆ గీత అందరి తలల మీదుగా చాలా పైకి వెళ్లిపోతుంది. అప్పుడు పని చేసేది నిష్పత్తి. ఆ కిటికీలో నా కన్ను రోడ్డుకి సుమారు 16 అడుగుల ఎత్తులో ఉంది. మనిషి ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు అనుకుంటే, అది 16లో సరిగ్గా మూడో వంతు. అంటే కాన్వాస్ మీద ఏ మనిషినైనా సరే, పాదం దగ్గర్నుంచి హొరైజన్ లైన్ దాకా ఎంత దూరం ఉందో కొలిచి, అందులో మూడో వంతు ఎత్తులో గీయాలి. దగ్గరివాళ్లకీ అదే లెక్క, రోడ్డు చివర చుక్కలా కనిపించేవాళ్లకీ అదే లెక్క.

నా కాన్వాస్‌లో హొరైజన్ లైన్ పై అంచు నుంచి 8 అంగుళాల కింద ఉంది. బస్టాప్ అవతల ఒకాయన్ని పెట్టాను, ఆయన పాదం ఆ గీతకి 9 అంగుళాల కింద ఉంది. లెక్క ప్రకారం 3 అంగుళాలు ఉండాలి. నేను 5 అంగుళాలు వేశాను. వెనక్కి లెక్కేస్తే ఆయన దాదాపు తొమ్మిది అడుగుల మనిషి! ముందు భాగంలో ఒకావిడ పాదం గీతకి 24 అంగుళాల కింద ఉంది, 8 అంగుళాలు ఉండాల్సిన చోట 6 వేశాను, అంటే నాలుగడుగుల ఎత్తు. నలభై మందినీ కొలిచాను. సరిగ్గా ఉన్నవాళ్లు పదకొండు మంది.

ఇంకో తప్పు అంతకంటే పెద్దది, స్కేలుతో దొరకనిది. ఆ ఫోటోలన్నీ కింద నిలబడి తీసినవి. పైనుంచి చూస్తున్న బొమ్మలో కిందనుంచి చూసిన మనుషులు నడుస్తున్నారు. పదహారడుగుల ఎత్తునుంచి ముప్పై అడుగుల దూరంలో ఉన్న మనిషిని చూస్తే నడినెత్తి కనిపిస్తుంది, మెడ దాదాపు భుజాల్లో కలిసిపోతుంది, పాదాల పైభాగం బాగా తెలుస్తుంది. నూట యాభై అడుగుల దూరానికి వెళ్తే మళ్లీ మామూలుగా పక్కనుంచి చూసినట్టే ఉంటారు. నా బొమ్మలో అందరికీ మెడలు నిటారుగా ఉన్నాయి. దీనికి తోడు ఒకరి మీద ఉదయం వెలుగు, ఒకరి మీద మిట్టమధ్యాహ్నం వెలుగు, బిల్డింగుల మీద సాయంత్రం వెలుగు. అంచులు కూడా చూడండి: గోడలు మెత్తగా, మనుషులు బ్లేడుతో కోసినట్టు పదునుగా. అంటించినట్టు కనిపించడంలో ఆశ్చర్యం ఏముంది.

పాతవాళ్లు ఎలా చేశారు

తప్పులు దిద్దేసి అదే కాన్వాస్ మీద కొనసాగిద్దామా అని ఒక వారం ఊగిసలాడాను. అప్పుడే వీధులు వేసిన పాత పెయింటర్ల బొమ్మలు మళ్లీ తీసి చూశాను, ఈసారి ఒకటే ప్రశ్నతో: ఈయన మనుషుల్ని ఎప్పుడు పెట్టాడు, ఎలా పెట్టాడు?

ముందు గుస్తావ్ కైబోత్. వానలో పారిస్ వీధి, 1877లో వేసింది, ఇప్పుడు షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. 212 సెంటీమీటర్ల ఎత్తు, 276 వెడల్పు, అంటే ముందు భాగంలో గొడుగు పట్టుకుని మనవైపు వస్తున్న జంట దాదాపు నిజం మనుషులంత ఉంటారు. ఈయన కూడా నాలాగే బిల్డింగుల పర్‌స్పెక్టివ్ (దూరం పోయేకొద్దీ చిన్నవయ్యే లెక్క) వేరుగా, మనుషుల స్టడీలు (అసలు బొమ్మకి ముందు వేసుకునే సాధన బొమ్మలు) వేరుగా గీసుకున్నాడు, తర్వాతే కలిపాడు. మరి ఆయనకి కుదిరి నాకు ఎందుకు కుదరలేదు? కంటి గీత ఒక్కటే, తలలన్నీ దాని చుట్టుపక్కలే ఉంటాయి. వెలుగు కూడా ఒక్కటే, మబ్బు పట్టిన ఆకాశం నుంచి అంతటా సమానంగా పరుచుకున్న వెలుగు, గట్టి నీడలే లేవు, తడి రాళ్ల మెరుపు కాళ్ల కింద నేలని కాళ్లకి కలిపేస్తుంది. విడివిడిగా తయారు చేసుకోవడంలో తప్పు లేదని, కలిపే సూత్రం ఒకటి ముందే ఉండాలని అక్కడ అర్థమైంది నాకు.

పిస్సారో సంగతి నా కేసుకి ఇంకా దగ్గర. 1897 ఫిబ్రవరిలో పారిస్‌లో మోంమార్త్ర్ బులవార్ మీదికి చూసే హోటల్ గది తీసుకుని, అదే కిటికీ నుంచి అదే రోడ్డుని మళ్లీ మళ్లీ వేశాడు: పొద్దున, మధ్యాహ్నం, ఎండలో, మంచులో, రాత్రి ఒకసారి. ఆ బులవార్ మీదే 14 కాన్వాసులు. కంటి జబ్బు వల్ల బయట గాలిలో నిలబడి వేయడం ఆయనకి కష్టంగా ఉండేది, అందుకే ఆ చివరి ఏళ్లలో కిటికీలే ఆయన స్టూడియో అయ్యాయి. ఆ రాత్రి బొమ్మ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, అందులో మనుషుల్ని లెక్కపెట్టమంటే ఎవరూ లెక్కపెట్టలేరు, కానీ రోడ్డు నిండా జనం ఉన్నారని ఎవరైనా చెబుతారు. నాకు కావాల్సింది సరిగ్గా అదే.

అంతకు ముందే మోనే 1873-74లో కపుసిన్ బులవార్‌ని పైనుంచి చూస్తూ అదే పని చేశాడు. 1874లో ఇంప్రెషనిస్టుల (చూసిన క్షణంలోని వెలుగుని బ్రష్ దెబ్బలతో పట్టుకునే పెయింటర్ల) మొదటి ఎగ్జిబిషన్‌లో, అదే బులవార్‌లో ఫోటోగ్రాఫర్ నాడార్ పాత స్టూడియోలో, ఆ పేరుతో బొమ్మ పెడితే, లూయీ లెర్వా అనే విమర్శకుడు ఆ మనుషుల్ని చూసి కింద ఆ నల్లటి నాలుక గీతలేంటని ఎగతాళిగా రాశాడు. ఆ బొమ్మని దగ్గర్నుంచి చూస్తే లెర్వా చెప్పినట్టే ఉంటాయి నిజానికి. నాలుగడుగులు వెనక్కి జరిగితే ప్రతి గీతా ఒక పక్కకి వాలి నడుస్తుంది.

ఇంగ్లండ్ పెయింటర్ ఎల్. ఎస్. లౌరీ విషయంలో నన్ను పట్టుకున్నది వేరు. మాంచెస్టర్ దగ్గర ఇళ్ల అద్దెలు వసూలు చేసే ఉద్యోగం చేస్తూ, 1952లో రిటైర్ అయ్యేదాకా, రోజూ ఆ వీధులే తిరిగి, దొరికిన కాగితం ముక్క మీద స్కెచ్ వేసుకుని, రాత్రిళ్లు పెయింట్ చేసేవాడు. ఐదే రంగులు: ఐవరీ బ్లాక్, వెర్మిలియన్, ప్రష్యన్ బ్లూ, ఎల్లో ఓకర్, ఫ్లేక్ వైట్. మొదట్లో ఆయన బొమ్మలు మరీ చీకటిగా ఉన్నాయని ఒక విమర్శకుడు చెబితే వెనక నేలని తెలుపు చేశాడు, ఆ తెలుపు మీద నల్లటి మనుషులు ఒక్కసారిగా కనిపించారు. నీడలు దాదాపు వేయలేదు. చాలామంది ఆ మనుషుల్ని అగ్గిపుల్లలంటారు గానీ, దయచేసి ఒక్కసారి వాళ్ల వీపులు చూడండి. ముందుకి వాలినవాళ్లు, గాలికి ఎదురు నడిచేవాళ్లు, ఆగి పక్కవాళ్లతో మాట్లాడేవాళ్లు. ముఖం అక్కర్లేకుండా వీపుతోనే మనిషి తెలుస్తాడు.

ఇంకా వెనక్కి వెళ్తే ఇటలీలోని సియెనాలో అంబ్రోజియో లొరెంజెత్తి 1338-39లో మంచి పాలన ఉన్న నగరాన్ని గోడ మీద వేశాడు. అందులో చెప్పుల దుకాణం, పాఠం చెప్పే పంతులు, కట్టుబడి మీద తాపీ పనివాళ్లు, చేతులు పట్టుకుని నాట్యం చేసేవాళ్లు ఉంటారు. ఊరికే నిలబడ్డ మనిషి కోసం వెతకాలి. మన దగ్గర భూపేన్ ఖఖ్ఖర్ 1972లో గడియారాలు బాగుచేసే దుకాణాన్ని వేశాడు, ఒక్క మనిషి, ఒక్క పని, ఒక్క బోర్డు, అయినా ఊరు మొత్తం గుర్తొస్తుంది. సుధీర్ పట్వర్ధన్ ఠాణేలో రేడియాలజిస్ట్‌గా పనిచేస్తూ ఆ ఊరి రోడ్లని, రైళ్లలో వెళ్లే పనివాళ్లని దశాబ్దాలుగా వేశాడు. రోజూ మనుషుల ఎముకల ఫోటోలు చూసే ఆయన కాబట్టేనేమో ఆయన మనుషులకి బరువు ఉంటుంది, నేల మీద గట్టిగా నిలబడతారు.

అమెరికన్ పెయింటర్ ఎడ్వర్డ్ హాపర్ని మాత్రం చివరికి దాచుకున్నాను. 1930లో వేసిన ఆదివారం ఉదయం వీధి బొమ్మలో ఒక్క మనిషీ లేడు. ముందు ఒక కిటికీలో మనిషిని పెట్టి తర్వాత కప్పేశాడు. అయినా అది నిర్మానుష్యమైన ఊరు అనిపించదు, ఇంకా నిద్ర లేవని ఊరు అనిపిస్తుంది, ఎందుకంటే ఒక్కో కిటికీ తెర ఒక్కో ఎత్తులో ఉంటుంది, ఎవరో తమకి కావాల్సినంత వరకే దించుకున్నారు. నా మొదటి కాన్వాస్‌లో కిటికీలన్నీ ఒకేలా ఉన్నాయి. మనుషులు రోడ్డు మీదే లేరనుకున్నాను, ఇళ్లల్లో కూడా లేరని అప్పుడు తెలిసింది.

అప్పుడే మొదటి కాన్వాస్‌ని గోడవైపు తిప్పి పెట్టేశాను.

కిటికీ దగ్గర మూడు వారాలు

ఫోటోలు మానేశాను. రోజూ సాయంత్రం 5 గంటల నుంచి 5:40 దాకా అదే కిటికీ దగ్గర స్కెచ్‌బుక్‌తో కూర్చున్నాను. అదే వేళ, అదే కుర్చీ. కళ్ల ఎత్తు మారకూడదని కుర్చీ కింద ఒక చెక్క ముక్క పెట్టి, నిలబడినప్పుడు ఉన్న 16 అడుగులే వచ్చేలా చూసుకున్నాను. ఒక్కో మనిషికి ఇరవై సెకన్లు. అంతకంటే ఎక్కువ దొరకరు కూడా, నడుస్తూ వెళ్లిపోతారు. మొదటి నాలుగు రోజులు చెత్తగా వచ్చాయి. ఐదో రోజు నుంచి ఒక పద్ధతి దొరికింది: ముందు వీపు వంపు ఒక గీత, తర్వాత బరువు ఏ కాలి మీద ఉందో ఆ కాలు, ఆఖరున తల. తల ముందు గీస్తే పెద్దదైపోతుంది, ఇది దాదాపు అందరూ చేసే పొరపాటు. పెద్దవాళ్లలో తల మొత్తం ఎత్తులో ఏడో వంతు, ఇంకా కొంచెం తక్కువే. అది ఐదో వంతు అయితే మనిషి పిల్లాడో బొమ్మో అయిపోతాడు.

రెండో వారంలో చేసిన పని ఈ మొత్తం కేసులో నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది. జంక్షన్ ప్లాన్‌ని ఒక కాగితం మీద గీసుకుని, దానిమీద ట్రేసింగ్ పేపర్ పెట్టి, పదిహేను నిమిషాల పాటు కనిపించిన ప్రతి మనిషి నడిచిన దారిని ఒక గీతగా గీశాను. రోజుకో ట్రేసింగ్ పేపర్. ఆరు రోజుల తర్వాత ఆరూ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకి పట్టుకుంటే, జంక్షన్ నాకు మొదటిసారి కనిపించింది. జనం బస్టాప్ నుంచి బయల్దేరి, జీబ్రా గీతల్ని వదిలేసి, మూల మీద ఉన్న విద్యుత్ స్తంభం పక్కనుంచి ఒక పెద్ద వంపులో అవతలి రోడ్డుకి వెళ్తున్నారు. అందరూ దాదాపు అదే వంపు. దానికి రెండు వైపులా రోడ్డు ఖాళీ. నేనేమో మొదటి బొమ్మలో నలభై మందినీ చదరంగం బల్ల మీద పావుల్లా సమానంగా పరిచాను.

జనం ఎక్కడ గుంపవుతారో కూడా తెలిసింది. సిగ్నల్ దగ్గర, బస్టాప్‌లో, గోడ నీడ పడే మూలలో. అంటే ఆగాల్సిన చోట్లలో. నడిచే చోట్లలో పలచగా, ఇద్దరిద్దరుగా ముగ్గురు ముగ్గురుగా ఉంటారు. కలిసి వచ్చినవాళ్లు ఒకే అడుగు వేస్తారు, భుజాలు తగులుతాయి. పరిచయం లేనివాళ్లు పక్కన నడవాల్సి వస్తే ఒకరు వేగం తగ్గిస్తారు లేదా పెంచుతారు. ఇవన్నీ మనకి తెలిసిన విషయాలే, రోజూ మనమూ అలాగే నడుస్తాం, అయినా బొమ్మ వేసేటప్పుడు గుర్తు రావు.

ఆ స్కెచ్‌బుక్‌లో మూడు వందలకి పైగా మనుషులు చేరారు. ముఖాలు ఎవరివీ గీయలేదు. దారిన పోయేవాళ్లని అడగకుండా గుర్తుపట్టేలా వేసి గోడకి తగిలించడం నాకు ఇష్టం లేదు. ఒక్కరిని మాత్రం అడిగాను, ఆ మూలలోనే రోజూ కూర్చుని గడియారాలు బాగుచేసే ఆయన్ని. పెద్దాయన, కంటికి చిన్న భూతద్దం పెట్టుకుని పని చేస్తారు. "బాబాయ్, మిమ్మల్ని బొమ్మలో పెట్టుకోవచ్చా?" అంటే, తల ఎత్తకుండానే "పెట్టుకో అమ్మా, గడియారాలు మాత్రం కరెక్ట్ టైమ్ చూపించాలి" అన్నారు.

మధ్యలో ఒక దెబ్బ

పిస్సారో, మోనేల మీద ప్రేమతో వెంటనే పెద్ద కాన్వాస్ మొదలుపెట్టకుండా 12 × 16 అంగుళాల చిన్న స్టడీలు నాలుగు వేశాను, జనాన్ని బ్రష్ దెబ్బలతో వేసి చూద్దామని. నాలుగూ చీమల బారుల్లా వచ్చాయి. బ్రష్ దెబ్బ వేయడం తేలిక అనుకున్నాను, ఒక మనిషిని ముప్పై గీతల్లో వేయగలిగినవాళ్లే మూడు గీతల్లో వేయగలరని ఆ నాలుగు స్టడీలు నేర్పాయి. మళ్లీ స్కెచ్‌బుక్ తెరిచి, ఒక్కో స్కెచ్‌ని చూస్తూ మూడు దెబ్బలకి కుదించడం ప్రాక్టీస్ చేశాను: ఫ్లాట్ బ్రష్‌తో వాలు చూపిస్తూ మొండెం ఒకటి, ముందుకి పడిన కాలు ఒకటి, తలకి ఒక చుక్క. మొండెం దెబ్బ వాలు సరిగ్గా ఉంటే మిగతా రెండూ కొంచెం తప్పినా మనిషి నడుస్తాడు. రెండు వారాలు, పాత అట్టముక్కల మీద. ఈ దశ విసుగ్గా ఉంటుంది, ఎవరూ దాటేయకండి.

రెండో కాన్వాస్

ఈసారి క్రమం తిరగేశాను. తెల్ల కాన్వాస్ మీద వేయలేదు, బర్న్ట్ అంబర్, అల్ట్రామెరీన్ కలిపి కొంచెం వెచ్చగా ఉండే మధ్యస్థమైన బూడిద రంగు ఆక్రిలిక్‌తో ముందే కాన్వాస్ నేలంతా (అడుగు పూతగా) పూశాను. (ఆక్రిలిక్ మీద ఆయిల్ వేయొచ్చు, ఆయిల్ మీద ఆక్రిలిక్ వేయకూడదు, పట్టదు, ఊడిపోతుంది.) తెలుపు మీద వేస్తే ప్రతి రంగూ ముదురుగా కనిపించి భయం వేస్తుంది, ఈ నేల మీద వెలుగు ఎక్కడ, నీడ ఎక్కడ అన్నది రెండు రోజుల్లోనే తేలిపోయింది.

మొట్టమొదట గీసింది హొరైజన్ లైన్. రెండోది ఆ నడక వంపు, చార్‌కోల్‌తో, ముందు భాగంలో కుడి మూల నుంచి స్తంభం పక్కగా ఎడమ రోడ్డులోకి. మూడోది జనం గుంపులు, ఒక్కో గుంపు ఒక్కో మచ్చగా, మూడో వంతు లెక్కతో. అన్నిటికంటే దగ్గరున్న మనిషి పాదం హొరైజన్ లైన్‌కి 36 అంగుళాల కింద, ఎత్తు 12 అంగుళాలు. దూరం రోడ్డులో పాదం 6 అంగుళాల కింద ఉన్నవాళ్లు 2 అంగుళాలు. బిల్డింగులు ఆ తర్వాత, ఆ గుంపుల చుట్టూ వచ్చాయి. ఒక బిల్డింగ్‌ని ఎడమవైపుకి కొంచెం జరిపాను కూడా, లేకపోతే వంపు చివర గోడలో దూరిపోతోంది. మొదటిసారి అయితే అలా జరపడానికి ప్రాణం ఒప్పేది కాదు. కానీ వెనిస్‌ని గీతగీసినంత కచ్చితంగా వేశాడని పేరున్న కెనలెట్టో కూడా ఒక్క చోట నిలబడితే కనిపించనంత చూపించడం కోసం రెండు మూడు చూపుల్ని కలిపేవాడు, కాలువల వెడల్పు మార్చేవాడు. ఆయన వెనిస్‌ని ఎవరూ వెనిస్ కాదనలేదు.

నీడల దగ్గర చాలా రోజులు ఆగాను. మనిషిని రోడ్డుకి కట్టేసేది నీడే. అందులోనూ పాదం నేలని తాకే చోట ఉండే ఆ చిన్న ముదురు గీత, అది లేకపోతే మనిషి గాలిలో తేలుతాడు. సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉంటే నీడ మనిషంత పొడవు ఉంటుంది, 20 డిగ్రీలకి దిగితే రెండున్నర రెట్లు దాటుతుంది. నా కిటికీకి ఆ వేళకి సూర్యుడు సరిగ్గా ఎడమవైపు ఉన్నాడు కాబట్టి నీడలన్నీ అడ్డంగా, ఒకదానికొకటి సమాంతరంగా పడ్డాయి. (సూర్యుడు మన ఎదురుగానో వెనకగానో ఉంటే అలా సమాంతరంగా వేయకూడదు, హొరైజన్ మీద ఒక బిందువు వైపు కలిసేలా వేయాలి.) ఆ పొడవాటి నీడలు ఒకరి నుంచి ఇంకొకరి పాదాల దాకా వెళ్లి, ముక్కు మొహం తెలియని వాళ్లని కూడా ఒకరికొకరిని కలిపేశాయి. బొమ్మలో నాకు బాగా నచ్చిన భాగం అదే. లౌరీ నీడలు లేకుండా నెగ్గుకొచ్చాడంటే ఆ తెల్లటి నేల, ఆ నల్లటి గీత ఉన్నాయి కాబట్టి. నా నేల బూడిద రంగు, నాకు నీడలు తప్పవు.

పదునైన అంచులు మూడు చోట్లే ఉంచాను: బస్సు దిగుతున్న ఇద్దరు, రోడ్డు దాటే ముందు బిడ్డ చెయ్యి పట్టుకున్న ఒక తల్లి, గడియారాల ఆయన. మొత్తం ఇరవై ఏడు మందిని మనుషులుగా గుర్తుపట్టొచ్చు, మిగతా జనమంతా మూడు దెబ్బల వాళ్లు, రోడ్డు చివరికి వెళ్లేసరికి ఒక్క దెబ్బ. లెక్కకి చూస్తే మొదటి బొమ్మ కంటే స్పష్టమైన మనుషులు తక్కువ.

బోర్డుల సంగతి చెప్పాలి. జంక్షన్ నిండా బోర్డులే. అక్షరం కనిపిస్తే కన్ను ఆగకుండా ఉండలేదు, చదువుతుంది, చదివాక ఇంకో బోర్డుకి వెళ్తుంది, మధ్యలో ఉన్న మనుషులు కనబడకుండా పోతారు. మొదటి కాన్వాస్‌లో పద్నాలుగు బోర్డులు చక్కగా చదవగలిగేలా రాశాను, ఎంత శ్రద్ధగా రాశానో! రెండోదాంట్లో అన్నీ రంగు పలకలు చేసేశాను. కిటికీలకి హాపర్ పాఠం వాడాను: ఒకటి సగం తెరిచి, ఒకదాంట్లో అప్పుడే లైటు వేసి, ఒకదాని చువ్వకి తువ్వాలు ఆరేసి.

గోడ మీద

ఎక్కడ తగిలించాలన్నది కూడా ఈ పనిలో భాగమే, మనం చాలాసార్లు అది వాళ్లకే వదిలేస్తాం. లైబ్రరీ వాళ్లు మెట్లు ఎక్కుతుంటే తలెత్తి చూసేలా పైన పెడదామన్నారు. అలా పెడితే కిందనుంచి పైకి చూస్తూ, పైనుంచి కిందికి చూసే దృశ్యాన్ని చూడాలి, కాళ్ల కింద నేల జారినట్టు ఉంటుంది. మెట్ల మలుపులో నిలబడ్డ మనిషి కంటి ఎత్తుకి బొమ్మలోని హొరైజన్ లైన్ వచ్చేలా కిందికి దించి పెట్టించాను. కాన్వాస్ కింది అంచు మోకాలి దగ్గరికి వచ్చింది. ఇప్పుడు ఎక్కుతూ వచ్చి మలుపులో ఆగితే కిటికీలోంచి జంక్షన్‌లోకి చూసినట్టే ఉంది. పిల్లలకి ముందు భాగంలోని మనుషులు సరిగ్గా కళ్ల ముందు ఉంటారు, అది నేను అనుకోకుండా వచ్చిన లాభం.

తగిలించిన రెండో రోజు గడియారాల బాబాయ్ చూడటానికి వచ్చారు. బొమ్మలో తనని వెతుక్కోలేదు, నేరుగా ఆ మూలకి వెళ్లారు. ముందు గడియారాలు చూశారు. అన్నీ 5:20 చూపిస్తున్నాయి, నేను వేసిన వెలుగు ఆ వేళదే. తలూపారు. తర్వాత జేబులోంచి భూతద్దం తీసి కంటికి పెట్టుకుని తన చేతులు చూసుకున్నారు.

"అమ్మా, స్క్రూడ్రైవర్ నేను ఎడమ చేత్తో పడతాను."

స్కెచ్‌బుక్ తీసి చూశాను. ఆయన స్కెచ్‌లు ఆరు ఉన్నాయి, ఆరింటిలోనూ ఎడమ చెయ్యే. కాన్వాస్ మీదికి వచ్చేసరికి చూడకుండా అలవాటు కొద్దీ కుడి చేతికి ఇచ్చేశాను. మర్నాడు పొద్దున్నే చిన్న బ్రష్, నాలుగు రంగులు తీసుకెళ్లి, మెట్ల మలుపులో స్టూలు వేసుకుని కూర్చుని మార్చాను. అరగంట పని. ఆయన పక్కన నిలబడి పట్టుకునే పద్ధతి చూపించారు, చూపుడు వేలు స్క్రూడ్రైవర్ తల మీద, మిగతా వేళ్లు దాన్ని తిప్పుతూ.